ష్లంబర్గెరా ట్రంకాటా: ఎడారి చూడని కాక్టస్, దాని కుండీ, దాని మొగ్గలు

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. పీత గోళ్ళలాంటి కొసలున్న చదునైన ఆకులు ఒకదాని చివర ఒకటి అతుక్కుని వేలాడే కాక్టస్ ఇంట్లో ఉంది. ఎడారి మొక్క కదా అని ఎండలో పెట్టి, ఇసుక కలిపిన మట్టిలో వేసి, నీళ్ళు బాగా తగ్గిస్తే ముడతలు పడింది. నీళ్ళు పెంచితే మొదలు మెత్తబడింది. ఒక ఏడాది మొగ్గలు తొడిగినా విచ్చుకోకుండానే రాలిపోయాయి. ఇది నిజంగా కాక్టసేనా, దీన్ని ఎలా చూసుకోవాలి?

కాక్టసే, అందులో అనుమానం లేదు. మీరు చెప్పిన గుర్తులు ష్లంబర్గెరా ట్రంకాటావి. కానీ దాని ఊరు ఎడారి కాదు. బ్రెజిల్ ఆగ్నేయ తీరం వెంబడి సాగే అట్లాంటిక్ అడవిలో, రియో డి జనీరో రాష్ట్రంలోని సెర్రా దోస్ ఓర్గావ్స్ కొండల చుట్టుపక్కల, సముద్ర మట్టానికి సుమారు 700 నుంచి 1,000 మీటర్ల ఎత్తులో ఇది సహజంగా పెరుగుతుంది. సముద్రం మీది గాలి ఆ కొండలను తాకి పైకి లేచి పొగమంచుగా మారుతుంది. ఏడాదిలో చాలాభాగం కొమ్మలు తడుస్తూ ఆరుతూ ఉంటాయి. ఈ కాక్టస్ ఆ కొమ్మల మీద, అప్పుడప్పుడు నీడపట్టున ఉన్న రాతి పగుళ్ళలో బతుకుతుంది. బదనికలా చెట్టు రసం పీల్చే పరాన్నజీవి కాదు. చెట్టును నిలబడడానికి ఆసరాగా మాత్రమే వాడుకునే వృక్షోపజీవి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ దాని నుంచే వస్తాయి.

కొమ్మ మీద దానికి దొరికేదేమిటో చూడండి. నాచు, కుళ్ళిన ఆకుల పొడి, బెరడు పగుళ్ళలో చేరిన కాస్త చెత్త. అన్నీ కలిపినా లోతు కొన్ని సెంటీమీటర్లే. వాన పడితే నీరు ఆగకుండా జారిపోతుంది, కొన్ని గంటల్లో వేళ్ళకు మళ్ళీ గాలి ఆడుతుంది. తడి తరచుగా అందుతుంది కానీ నిలవ ఉండదు. పోషకాలు ఎప్పుడూ అందుతాయి కానీ చాలా పలచగా. వెలుతురు పుష్కలం, కాకపోతే పైనున్న ఆకుల గుండా జల్లెడ పట్టి దిగిన వెలుతురు. ఎడారి కాక్టస్ అలవాట్లను దీనికి అంటగడితే ఈ మూడూ తలకిందులవుతాయి.

ఇక ఆకులనుకుంటున్నవి ఆకులు కావు, కాండం ముక్కలు. పాఠ్యపుస్తకాల భాషలో పత్రాభకాండాలు. నాగజెముడు మట్టల్లాగే ఇవీ చదునై పచ్చబడి ఆకు పని చేస్తున్న కాండాలే. ఒక్కొక్కటి సుమారు 4 నుంచి 6 సెంటీమీటర్ల పొడవు, 1.5 నుంచి 3.5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంచున అటూ ఇటూ రెండు మూడు కోసు పళ్ళు, చివర కత్తిరించినట్టు తిన్నగా ఉంటుంది. ఒక ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్యలో ఈనెలా కనిపించేది నిజానికి కాండపు ప్రసరణ కణజాలం ఉన్న గట్టి భాగం. పాత ముక్కల్లో ఆ మధ్యభాగమే లావై, కర్రలా గోధుమ రంగుకు తిరుగుతుంది. పక్క రెక్కలు మెల్లగా ఎండి రాలతాయి. నాలుగైదేళ్ళ మొక్క మొదట్లో ఇలా బెరడు కట్టడం చూసి రోగం అనుకోనక్కర్లేదు. గట్టిగా, పొడిగా ఉంటే అది వయసే.

కాక్టస్ కుటుంబానికి గుర్తయిన ఏరియోల్, అంటే ముళ్ళు, కొమ్మలు, మొగ్గలు పుట్టే చిన్న చుక్క, ఇక్కడ కూడా ఉంటుంది. అంచు పళ్ళ సందుల్లో చిన్న చుక్కల్లా, కొన్ని సన్నని వెంట్రుకలతో కనిపిస్తాయి, ముళ్ళు ఉండవు. అసలు ముఖ్యమైన ఏరియోల్ ముక్క చివరనున్న తిన్నటి కొసలో ఉంది. కొత్త ముక్క పుట్టేదీ అక్కడే, మొగ్గ పుట్టేదీ అక్కడే. ఒక ముక్క ముదిరాక ఇక పొడుగు సాగదు. దాని చివర ఇంకో ముక్కో మొగ్గో రావాలి. కాబట్టి మొక్క కొత్త ముక్కలు పెడుతున్నంత కాలం ఆ కొసల్లో పూలు ఉండవు. లేత ముక్క చివర మొగ్గ రాదు కూడా. పూల విషయంలో ఇది మళ్ళీ పనికొస్తుంది.

ఈ ముక్కల లోపల జిగురు నీరు నిలవ ఉంటుంది. పత్రరంధ్రాలు ప్రధానంగా రాత్రిపూట తెరుచుకుంటాయి. అప్పుడు లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని, ఆ నిల్వతోనే కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటుంది. క్యామ్ పద్ధతి అంటారు. ఎడారి కాక్టస్‌లకు ఉన్న ఈ ఏర్పాటు తడి అడవిలో ఎందుకంటే, అడవి తడిగా ఉన్నా కొమ్మ మాత్రం వానకూ వానకూ మధ్య ఎండిపోతుంది కాబట్టి. రాత్రి చల్లబడని, గాలి ఆడని మూల గదిలో ఈ మొక్క నీరసించడానికి ఇదొక కారణం.

కుండీకి వద్దాం. మామూలు తోట మట్టి వాడొద్దు. ఇసుక ఎక్కువ పోసిన ఎడారి మిశ్రమం కూడా వద్దు, సన్నని ఇసుక కొబ్బరి పొట్టు సందుల్ని పూడ్చి గాలి లేకుండా చేస్తుంది. కొలత పరిమాణంలో తీసుకుంటే, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) గానీ పీట్ (బురద నేలల్లో కుళ్ళిన నాచు) గానీ 2 పాళ్ళు, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి పలుకులు) 1 పాలు, 1 సెంటీమీటరు లోపు చెట్టు బెరడు ముక్కలు 1 పాలు. కోకోపీట్‌లో ఉప్పు మిగిలి ఉంటుంది కనుక రెండు మూడుసార్లు మంచి నీటితో కడిగి పిండి వాడాలి. మిశ్రమం కొంచెం ఆమ్ల స్వభావంతో, పీహెచ్ 5.5 నుంచి 6.2 మధ్య ఉంటే బాగుంటుంది. సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళు అదే పనిగా పోస్తే పీహెచ్ పెరిగి, కొత్త ముక్కలు పసుపు తిరుగుతాయి. వీలైతే వాన నీరు వాడండి.

కుండీ లోతుగా ఉండకూడదు. మూడు నుంచి ఐదు కటింగులకు 10 లేదా 12 సెంటీమీటర్ల వెడల్పు చాలు. చిన్న మొక్కను పెద్ద కుండీలో పెట్టడం మంచితనం అనుకుంటారు చాలామంది, వేళ్ళు చేరని మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోయి కుళ్ళు మొదలయ్యేది అక్కడే. రెండు మూడేళ్ళకోసారి, పూలు అయిపోయాక, మిశ్రమం మారిస్తే సరిపోతుంది. కోకోపీట్ మెత్తబడి ముద్దకట్టడం వల్లే మార్చాలి గానీ వేళ్ళకు చోటు చాలకపోవడం వల్ల కాదు.

నీళ్ళకు తేదీలు పెట్టుకోవద్దు. పైన 2 సెంటీమీటర్ల మేర వేలు పెట్టి చూడండి, పొడిగా తగిలితే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో చేరిన నీరు పారబోయండి. కుండీని ఎత్తి చూడడం ఇంకా నమ్మకమైన పద్ధతి. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి, పైన ఆరాక ఒకసారి ఎత్తితే బరువులో తేడా చేతికే తెలిసిపోతుంది. పూర్తిగా ఎముకలా ఎండనివ్వద్దు. సన్నటి వేళ్ళు అప్పుడు చస్తాయి, తరవాత పోసిన నీళ్ళను పీల్చే వేళ్ళు లేక మట్టి తడిగానే ఉండిపోతుంది. మీ మొక్కకు జరిగింది దాదాపు ఇదే: ముందు ఎండబెట్టడం వల్ల వేళ్ళు పోయాయి, ఆ తరవాతి నీళ్ళు మొదలును కుళ్ళబెట్టాయి.

ముక్కలు ముడతలు పడ్డప్పుడు మట్టిని చూడకుండా నీళ్ళ చెంబు అందుకోకండి. మట్టి పొడిగా, కుండీ తేలిగ్గా ఉంటే దాహం. నీళ్ళు పోసిన రెండు మూడు రోజుల్లో ముక్కలు నిండుకుంటాయి. మట్టి తడిగా ఉండి కూడా ముడతలుంటే వేళ్ళు పోయాయని అర్థం, ఇక ఎంత పోసినా నష్టమే. మొక్కను బయటికి తీసి వేళ్ళు చూడండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటుంది. కుళ్ళినది నల్లబడి, చేతి వేళ్ళ మధ్య పట్టుకుని లాగితే పైతొక్క ఊడి వచ్చి లోపలి దారం మిగులుతుంది.

వెలుతురు బాగా కావాలి, నేరుగా మధ్యాహ్నపు ఎండ వద్దు. ఉదయం గంటో రెండు గంటలో తగిలే ఎండ పరవాలేదు. ఎండ ఎక్కువైతే ముక్కలు ఎర్రబడతాయి. ఆ ఎరుపు, పూల రంగు కూడా, బీటాలైన్ జాతి వర్ణకాలు. బీట్‌రూట్‌కు రంగునిచ్చేవి కూడా ఇవే. కాక్టస్‌లలో మామూలు పూలకుండే యాంథోసయనిన్లు ఉండవు. అందుకే ఈ మొక్కలో గులాబీ, ఎరుపు, ఊదా, తెలుపు, నారింజ, పసుపు ఉన్నాయి గానీ నిజమైన నీలం లేదు. నీలి పువ్వుల ఫొటో చూపించి అమ్మితే రంగు వేసిన ఫొటో అనుకోండి.

ఎరువు పలచగా, పెరుగుదల ఉన్న నెలల్లోనే. నీళ్ళలో కరిగే సమతుల ఎరువును డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతుకు తగ్గించి రెండు వారాలకోసారి ఇవ్వొచ్చు. ఈ జాతికి మెగ్నీషియం అవసరం కాస్త ఎక్కువ, లీటరు నీటికి 1 గ్రాము ఎప్సమ్ సాల్ట్ కలిపి నెలకోసారి విడిగా పోయండి. కాల్షియం ఉన్న ఎరువుతో కలిపి పోయకూడదు. మొగ్గ పట్టే కాలానికి నెల ముందే ఎరువు ఆపేయాలి. నత్రజని అందుతుంటే కొసల్లో మళ్ళీ కొత్త ముక్కలే వస్తాయి.

ఇక పూలు. ఎక్కువ మంది తప్పుదారి పట్టేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

మొగ్గ పట్టాలా, ముక్క పెట్టాలా అన్నది కొసలోని ఏరియోల్ రెండింటిని బట్టి తేల్చుకుంటుంది: రాత్రి నిడివి, ఉష్ణోగ్రత. దీని సొంత కొండలు దక్షిణ అక్షాంశం 22, 23 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అక్కడ మార్చి చివరిలో రాత్రి 12 గంటలు దాటుతుంది, జూన్‌లో వచ్చే అతి పెద్ద రాత్రి కూడా 13 గంటల పైచిలుకే. మార్చి చివర మొదలైన మార్పుకు మే నెలకల్లా పూలు. బ్రెజిల్‌లో దీన్ని మే పువ్వు అని పిలుస్తారు. అదే మొక్క ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు చివరి నుంచి రాత్రులు పెరిగితే నవంబరు, డిసెంబరుల్లో పూస్తుంది. దీన్నిబట్టి ఒక మాట గట్టిగా చెప్పొచ్చు. రోజుకు 16 గంటలు పెట్టెలో మూసిపెట్టాలన్న సలహా మొక్క అవసరాన్ని మించిపోయింది. ఖచ్చితంగా 13, 14 గంటల చీకటి చాలు. కాకపోతే ఆ చీకటికి మధ్యలో అంతరాయం ఉండకూడదు. రాత్రి పదింటికి గదిలో లైటు వేసి కాసేపు కూర్చున్నా మొక్క లెక్కలో ఒక పెద్ద రాత్రి రెండు చిన్న రాత్రులైపోతుంది. కిటికీలోంచి పడే వీధి దీపం కూడా ఇదే చెరుపు చేస్తుంది.

ఉష్ణోగ్రత పాత్ర చీకటి కంటే తక్కువేమీ కాదు. రాత్రిళ్ళు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే పగలు ఎంత పొడుగైనా మొగ్గలు పడతాయి. 13 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే దీర్ఘ రాత్రులు తప్పనిసరి. 15 నుంచి 20 డిగ్రీలు అన్నిటికన్నా అనుకూలం. రాత్రి 24 డిగ్రీలు దాటితే చీకటి ఎంతిచ్చినా మొగ్గలు అరకొరగా పడతాయి, లేదా అసలు పడవు. చల్లని రాత్రులు ఆలస్యంగా వచ్చే చోట పూలు కూడా ఆ మేరకు ఆలస్యమవుతాయి. అది మొక్క లోపం కాదు. అలాంటి చోట మొక్కను ఇంటిలోపల కాకుండా, రాత్రి గాలి తగిలే, దీపాల వెలుతురు పడని బయటి నీడలో ఉంచడమే మందు. చీకటి కోసం నల్ల గుడ్డ కప్పేవాళ్ళు లోపల వేడి పెరుగుతోందేమో చూసుకోవాలి. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కప్పేస్తే గుడ్డ కింద వేడి చేరి, చీకటి వల్ల కలిగే మేలంతా పోతుంది.

చేయాల్సిన పని ఇలా ఉంటుంది. దీర్ఘ రాత్రులు మొదలయ్యే రోజున కొసల్లో ఉన్న లేత ముక్కలను, ముఖ్యంగా 1 సెంటీమీటరు కంటే చిన్నవాటిని, గిల్లేయండి. అవి ఎలాగూ పూయవు, పైగా వెనకనున్న ముదురు ముక్క కొసను కాజేసి కూర్చుంటాయి. తరవాత ఆరు వారాల పాటు సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా చీకటి. పగలు మంచి వెలుతురు. నీళ్ళు కొంచెం తగ్గించండి, మాన్పించకండి. మొక్కను ఎండగడితే పూస్తుందన్న నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. ఎండడం పెరుగుదలను ఆపుతుందే గానీ మొగ్గను పుట్టించదు. కొసల్లో గుండ్రని, మెరిసే గింజలాంటి మొగ్గ కనిపించాక చీకటి పని అయిపోయినట్టే. కొత్త ముక్క మొలక మొదట్నుంచీ చదునుగా, పచ్చగా ఉంటుంది, మొగ్గ ఉబ్బుగా, రంగు తిరిగి ఉంటుంది, కాబట్టి తేడా కనిపెట్టడం కష్టం కాదు. చీకటి మొదలైన 8 నుంచి 12 వారాలకు పూలు విచ్చుకుంటాయి. నర్సరీల వాళ్ళు మొగ్గల సంఖ్య పెంచడానికి బెంజిల్ అడెనిన్ అనే సైటోకైనిన్ (మొక్కల హార్మోను) చల్లుతారు. ఇంట్లో దాని అవసరం లేదు.

మొగ్గలు రాలడానికి ఒకే కారణం ఉండదు. అన్నిటికన్నా తరచుగా కనిపించేది ఉన్నట్టుండి చోటు మారడం: బయటి వెలుతురులో మొగ్గ కట్టిన మొక్కను చూడముచ్చటగా ఉందని చీకటి గదిలోకి తేవడం. మొగ్గలు 1 సెంటీమీటరు దాటాక మారిస్తే రాలడం తగ్గుతుంది. మార్చినా వెలుతురు మరీ పడిపోకూడదు. రెండోది వేళ్ళ దగ్గర కరువు లేదా నీటి నిలవ. మూడోది ఎవరూ అనుమానించనిది, ఇథిలీన్ వాయువు. పండే పళ్ళ బుట్ట, పొయ్యి పొగ, కారు పొగ దగ్గర పెడితే మొగ్గలూ పూలూ అతుకు దగ్గర ఊడిపోతాయి. ఈ జాతి ఇథిలీన్‌కు చాలా సున్నితం. రాలిన మొగ్గలన్నీ నిగనిగలాడుతూ తాజాగా ఉన్నాయంటే ముందు దాన్నే అనుమానించండి. కొన్ని మొగ్గలు మాత్రమే రాలితే దిగులు పడొద్దు, వేళ్ళు మోయగలిగినన్నిటినే మొక్క నిలుపుకుంటుంది. తెలుపు, పసుపు రకాలు మొగ్గ పెరిగే రోజుల్లో 14, 15 డిగ్రీల కంటే చల్లబడితే గులాబీ జీరతో పూస్తాయి. రకం మారిపోయిందని, అమ్మినవాళ్ళు మోసం చేశారని అనుకోవద్దు.

పువ్వు నిర్మాణం నిదానంగా చూడదగ్గది. సుమారు 6.5 నుంచి 8 సెంటీమీటర్ల పొడవు, 20 నుంచి 30 దాకా రేకులు. బయటివి పొట్టిగా, విడివిడిగా, వెనక్కి వంగి ఉంటాయి. లోపలివి అడుగున కలిసిపోయి గొట్టమవుతాయి. దాంతో పువ్వులోంచి ఇంకో పువ్వు వచ్చినట్టు కనిపిస్తుంది. ట్రంకాటాలో పువ్వు అడ్డంగా నిలిచి, పైభాగం, కిందిభాగం వేరువేరు రూపాల్లో ఉంటాయి. కేసరాలు రెండు వరసలు. లోపలి వరస అడుగున కలిసి మకరందం చుట్టూ చిన్న గోడ కడుతుంది, బయటి వరస గొట్టం పొడవునా పుడుతుంది. పుప్పొడి పసుపు. హమ్మింగ్‌బర్డ్ గొట్టంలోకి ముక్కు దూర్చినప్పుడు ముందుకు పొడుచుకు వచ్చిన కేసరాలు, కీలాగ్రం దాని ఒంటికి తగులుతాయి. వాసన లేకపోవడం, ఎర్రని రంగు, గొట్టం ఆకారం అన్నీ పక్షి కోసం చేసిన ఏర్పాట్లే.

ఇంట్లో కాయ పట్టకపోవడానికి పక్షి లేకపోవడం సగమే కారణం. ఈ మొక్క తన పుప్పొడిని తాను అంగీకరించదు. ఒకే మొక్క నుంచి తీసిన కటింగులన్నీ జన్యుపరంగా ఒకే మొక్క కనుక వాటి మధ్య పరాగసంపర్కం జరిపినా ఫలితం ఉండదు. వేరే రంగు రకం పుప్పొడిని సన్నని కుంచెతో కీలాగ్రానికి అద్దితే కండగల కాయ పడుతుంది. ఎర్రబడ్డాక కూడా నెలల తరబడి రాలకుండా ఉంటుంది. విత్తనాలు మిల్లీమీటరు సైజులో నల్లగా ఉంటాయి, గుజ్జు కడిగి, తేమ మిశ్రమం మీద పైన చల్లి, మట్టి కప్పకుండా వెలుతురులో ఉంచితే మొలుస్తాయి. విత్తన మొక్క తల్లిలా పూయదని ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

ఉన్న రకాన్నే పెంచాలంటే కటింగే. రెండు మూడు ముక్కలున్న కొసను అతుకు దగ్గర పట్టుకుని మెలితిప్పితే శుభ్రంగా విడిపోతుంది. అతుకు సన్నం కాబట్టి గాయం చిన్నదవుతుంది, త్వరగా ఆరుతుంది. కత్తితో మధ్యలో కోస్తే గాయం పెద్దది, పైగా కాక్టస్ వైరస్ ఎక్స్ వంటివి కత్తి వెంట ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతాయి. ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టి, అడుగు ముక్క 1 సెంటీమీటరు మాత్రమే మిశ్రమంలోకి దిగేలా గుచ్చండి. లోతుగా గుచ్చితే కుళ్ళుతుంది. 21 నుంచి 24 డిగ్రీల దగ్గర మూడు వారాల్లో వేళ్ళు పడతాయి. అడవిలో కూడా గాలికి విరిగి పడిన ముక్క నాచు మీద ఇలాగే నాటుకుంటుంది. తేమ ఎక్కువున్నప్పుడు అతుకుల దగ్గర గాలిలోనే గులాబీ రంగు వేరు మొలకలు రావడం మీరు గమనించే ఉంటారు.

మొదలు కుళ్ళిన మీ మొక్కకు ఇదే చివరి అవకాశం. మట్టి గట్టు దగ్గర ముక్క మీద గోధుమ నారింజ రంగు మచ్చ లోపలికి కుంగి, పైముక్కలు ఒకటొకటిగా ఊడుతుంటే అది ఫ్యుసేరియం అనే బూజు తెగులు. మొదలు నీరుపట్టి నల్లగా మెత్తబడి, మొక్కంతా వాలిపోతే పిథియం లేదా ఫైటోఫ్థోరా అనే కుళ్ళు తెగులు. రెండింటిలోనూ మందు కొట్టి పాత మొక్కను నిలబెట్టే ప్రయత్నం నేను సిఫారసు చేయను. మచ్చలేని పైకొసల నుంచి మాత్రమే కటింగులు తీసి, కొత్త మిశ్రమంలో, కడిగిన కుండీలో వేయండి, పాత మట్టిని పారేయండి. తీసిన ముక్క అడుగు భాగంలో లోపల గోధుమ చుక్క కనిపిస్తే ఇంకో అతుకు పైకి వెళ్ళండి. అంచుల్లో బెండులా గట్టి గోధుమ మచ్చలు మాత్రం రోగం కాదు, తడి మట్టి, చల్లని మబ్బు రోజులు కలిసినప్పుడు కణాలు నీటితో ఉబ్బి పగిలిన గుర్తులు. అతుకుల్లో తెల్లని దూది కనిపిస్తే పిండినల్లి, దూదిపుల్లను రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచి, వారం తరవాత మళ్ళీ చూడాలి.

ఇవన్నీ చేసే ముందు మీ దగ్గరున్నది ట్రంకాటానేనా అని ఒకసారి చూసుకోండి. ఈ ప్రజాతిలో మరికొన్ని జాతులున్నాయి, వాటిలో రస్సెల్లియానా 1,350 నుంచి 2,100 మీటర్ల దాకా మరింత చల్లటి ఎత్తుల్లో ఉంటుంది. దాన్ని 1837లో జార్జ్ గార్డ్‌నర్ అదే కొండల్లో కనుగొన్నాడు. ట్రంకాటా, రస్సెల్లియానాల సంకరం బక్లియై. పళ్ళు కోసుగా కాక గుండ్రంగా ఉండి, పువ్వు కిందికి వేలాడుతూ అన్ని వైపులా ఒకేలా ఉండి, పుప్పొడి గులాబీ రంగులో ఉంటే అది బక్లియై. సంరక్షణ దాదాపు ఇదే, పూలు కొన్ని వారాలు ఆలస్యం. పాత పుస్తకాల్లో ట్రంకాటాకు ఎపిఫిల్లమ్, జైగోకాక్టస్ అన్న పేర్లు కూడా కనిపిస్తాయి. 1819లో వృక్షశాస్త్రజ్ఞుడు హావర్త్ మొదట దాన్ని ఎపిఫిల్లమ్‌లో చేర్చాడు, 1953లో మోరన్ ఇప్పటి ప్రజాతికి మార్చాడు.

అంచులు పళ్ళు లేకుండా మెత్తటి వంపులతో, కొసల్లో గట్టి వెంట్రుకలతో ఉండి, పువ్వు నక్షత్రంలా విచ్చుకుంటే అది వేరే మొక్క, గార్ట్‌నెరి. బ్రెజిల్‌లో ఇంకా దక్షిణాన పరానా, శాంటా కటరీనా, రియో గ్రాండె దో సుల్ రాష్ట్రాల అడవులది. దానికి చల్లని దీర్ఘ రాత్రులు రెండు మూడు నెలలు గడిచి, ఆ తరవాత పగళ్ళు పెరిగి వెచ్చబడితేనే మొగ్గలు బయటికి వస్తాయి. కాబట్టి దాన్ని శీతాకాలంలో పూయలేదని తొందరపడి చోటు మార్చకండి, వసంతం దాకా ఆగండి.